డ్రైసూట్ రివ్యూ: విశాఖలో ఉంటూ చల్లటి నీళ్ళకి వెళ్ళేవాళ్ళు కొనొచ్చా?

ముందే తేల్చి చెప్పేస్తాం. డ్రైసూట్ అంటే నీళ్ళు లోపలికి రాకుండా ఒంటిని మెడ నుంచి పాదాల దాకా కప్పే సూట్. మూడు పొరల బ్రీతబుల్ (చెమట ఆవిరిని బయటికి వదిలే) డ్రైసూట్ నీళ్ళని ఆపే పని చాలా బాగా చేస్తుంది. కానీ ఒంటిని వెచ్చగా ఉంచేది లోపల వేసుకునే బట్టలే. సూట్ మీద లక్ష రూపాయలు పెట్టి, లోపల మాత్రం ఇంట్లో ఉన్న కాటన్ బనియనూ ట్రాక్ ప్యాంటూ తొడుక్కుని వెళ్తే, ఎంత ఖరీదైన సూటైనా చలి ఆపలేదు. రెండో మాట విశాఖ వాళ్ళకి ప్రత్యేకం. ఇక్కడి ఎండ, ఉక్క, ఉప్పుగాలి ఈ సూట్‌కి బొత్తిగా పడవు. కొనే ముందు దీన్ని ఎక్కడ దాచాలో ఆలోచించుకోవాలి.

ఇక్కడ మాట్లాడుతున్నది కయాకింగ్, రాఫ్టింగ్, సెయిలింగ్ లాంటి నీటి పైన ఆడే ఆటల సూట్ గురించి. మెడకీ మణికట్లకీ నీళ్ళు దూరకుండా బిగుసుకునే లేటెక్స్ గాస్కెట్లు (పల్చటి రబ్బరు పట్టీలు), ఛాతీ మీద ఏటవాలుగా పెద్ద జిప్పు, మూత్రానికి వెళ్ళడానికి చిన్న రిలీఫ్ జిప్పు, పాదాలకి సూట్ గుడ్డతోనే చేసిన సాక్సులు ఉంటాయి. కొకటాట్, ఎన్ఆర్ఎస్, పామ్ లాంటి కంపెనీలు ఈ తరహావి అమ్ముతున్నాయి. స్కూబా డ్రైసూట్ వేరు. లోతుకి దిగే కొద్దీ నీటి ఒత్తిడికి సూట్ ఒంటిని నొక్కేస్తుంది కాబట్టి అందులో గాలి నింపడానికి ఒక వాల్వ్, వదలడానికి ఒక వాల్వ్ ఉంటాయి. కయాకింగ్ సూట్‌కి ఆ రెండూ ఉండవు. ఋషికొండలో డైవింగ్ నేర్చుకున్నవాళ్ళు "ఏదో ఒక డ్రైసూటే కదా" అని దీంతో ట్యాంకు కట్టుకుని దిగకూడదు, ప్రమాదం.

మన సముద్రానికి డ్రైసూట్ అక్కర్లేదు. జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడి నీళ్ళు 25 డిగ్రీల చుట్టూనే ఉంటాయి. రాష్ గార్డ్, అంటే ఒంటికి అతుక్కునే పల్చటి ఈత చొక్కా, చాలు. ఇది కావలసింది లద్దాఖ్‌లో జన్‌స్కార్ నదిలో రాఫ్టింగ్‌కి వెళ్ళేవాళ్ళకి, చదువుకో ఉద్యోగానికో స్కాట్లాండ్, నార్వే లాంటి చోట్లకి వెళ్ళి అక్కడ కయాక్ పట్టేవాళ్ళకి. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా అనే నీటి చీలికలో స్నార్కెలింగ్‌కైతే నీళ్ళు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. అక్కడ సూట్ నిర్వాహకులే ఇస్తారు, మీరు తీసుకెళ్ళాల్సింది లోపలి బట్టలు మాత్రమే.

చల్లటి నీళ్ళు ఎందుకంత ప్రమాదమంటే, గాలితో పోలిస్తే నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చల్లటి నీళ్ళలో పడ్డవాళ్ళ గురించి శిక్షకులు 1-10-1 అని చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. తర్వాత ఓ 10 నిమిషాల దాకే చేతులు మాట వింటాయి. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి 1 గంట దాకా పడుతుంది. అంటే చలికి కొయ్యబారకముందే, ఊపిరి ఎగబీల్చి నీళ్ళు మింగడం వల్లో, చేతులు పట్టు తప్పడం వల్లో ప్రాణం పోతుంది. డ్రైసూట్ ఈ మొదటి దెబ్బని బాగా తగ్గిస్తుంది. అయితే అది లైఫ్ జాకెట్‌కి బదులు కాదు. జాకెట్ సూట్ పైన కట్టుకోవాల్సిందే.

గాస్కెట్ల సంగతి

సూట్ మంచిదో కాదో మెడ దగ్గరే తెలుస్తుంది. కొత్త లేటెక్స్ గాస్కెట్ చాలా బిగువుగా వస్తుంది. అలాగే తొడుక్కుని నదిలో దిగితే పావుగంటలో మొహం ఎర్రబడుతుంది, తల తిరుగుతుంది. మెడ పక్క రక్తనాళం మీద ఒత్తిడి పడి గుండె వేగం తగ్గడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఓర్చుకునే విషయం కాదు. కొన్నాక మొదటి పని గాస్కెట్లని సాగదీయడం. మెడకి, మీ మెడకంటే కాస్త లావైన, అంచులు గరుకు లేని డబ్బా. మణికట్టుకి లీటరు నీళ్ళ సీసా. రాత్రంతా ఉంచి, పొద్దున్న తీసి, ఇంట్లోనే 15 నిమిషాలు తొడుక్కుని కూర్చోండి. ఇంకా బిగువుగా ఉంటే కత్తిరించాలి. గాస్కెట్ మీద వలయాల్లా ఉబ్బు గీతలుంటాయి, వాటి వెంట ఒక్క వలయం, అంటే 3 మిల్లీమీటర్ల దాకా, పదునైన పొడుగు కత్తెరతో ఆపకుండా కోయాలి. ఒకరు రెండు చేతులతో సమంగా పట్టుకుంటే ఇంకొకరు కోయడం మేలు. కత్తెర ఆగి మళ్ళీ మొదలైన చోట చిన్న గాటు పడుతుంది. ఆ గాటే తర్వాత చిరుగు అవుతుంది. ఒక్కో వలయం తీశాక మళ్ళీ 15 నిమిషాలు తొడిగి చూడాలి. ఒకేసారి మూడు వలయాలు కోసేస్తే మళ్ళీ అతికించుకునే దారి లేదు, గాస్కెట్ మార్చాల్సిందే.

తొడిగేటప్పుడు లాగొద్దు. మెడ గాస్కెట్ లోపలికి రెండు చేతుల వేళ్ళూ పెట్టి, గోళ్ళు తగలకుండా వెడల్పు చేసి, తల దూర్చాలి. చెవి దిద్దులు, గొలుసు, నల్లపూసలు, జడపిన్నులు ముందే తీసేయాలి. వెంట్రుకలు గానీ బట్ట అంచు గానీ గాస్కెట్ కింద ఇరుక్కుంటే ఆ సన్నటి దారి చాలు, చుక్క చుక్కగా నీళ్ళు దిగుతూనే ఉంటాయి. రెండు రోజుల గడ్డం ఉన్నా మెడ దగ్గర అదే పరిస్థితి. జారడానికి పరిమళం లేని టాల్కం పౌడరు వాడొచ్చు.

మన ఇళ్ళలో లేటెక్స్‌కి ముఖ్యమైన శత్రువులు రెండున్నాయి. మొదటిది కొబ్బరి నూనె. తలకి రాసుకున్న నూనె మెడ దాకా జారుతుంది. నూనె తగిలిన లేటెక్స్ ఉబ్బి, మెత్తబడి, జిగురు పట్టి చివరికి చిరిగిపోతుంది. సూట్ వేసే ముందు రోజు తలస్నానం చేసి నూనె మానేయాలి. రెండోది రాగి కడియం. రాగి తగిలిన చోట లేటెక్స్ మీద మచ్చ పడి క్రమంగా పాడవుతుంది. మణికట్టు దగ్గర గాస్కెట్ ఉండే చోటే కడియమూ ఉంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో వదిలేసి రండి. సన్‌స్క్రీన్, దోమల క్రీము కూడా నూనె లెక్కే. రాసుకుంటే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే గాస్కెట్ ముట్టుకోవాలి.

మణికట్టు దగ్గర ఇంకో చిక్కు. తెడ్డు గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు లోపలి వైపు స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు) పైకి తేలతాయి, వాటి పక్కన సన్నటి కాలవ ఏర్పడుతుంది. గాస్కెట్ బాగున్నా అక్కణ్ణుంచి కొద్దిగా నీళ్ళు రావడం మామూలే. సన్నటి మణికట్టు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. గాస్కెట్‌ని స్నాయువులు తేలే చోటు దాటించి, ముంజేతి మీదికి రెండు వేళ్ళ మేర పైకి జరిపితే చాలావరకు ఆగుతుంది.

లోపల ఏం వేసుకోవాలి

కాటన్ ఏ పొరలోనూ వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుని ఉంటుంది, ఆగి కూర్చున్న క్షణం నుంచి ఒంటి వేడిని తాగేస్తుంది. చర్మానికి తగిలే పొర పల్చటి పాలిస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ కావాలి. డెకాత్లాన్‌లో ట్రెకింగ్‌కి అమ్మే బేస్ లేయర్ సరిపోతుంది, నీటి ఆటల ముద్ర ఉన్న ఖరీదైనదే కానక్కర్లేదు. దాని మీద ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న పాలిస్టర్ బట్ట. నీళ్ళు 15 డిగ్రీలు దాటితే 100 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) ఫ్లీసు చాలు. 10 నుంచి 15 మధ్యలో 200 జీఎస్ఎం. 10 కన్నా తక్కువైతే 300 జీఎస్ఎం గానీ, 200 ఫ్లీసు మీద చేతుల్లేని ఫ్లీసు జాకెట్టు గానీ. ఈ లెక్క తెడ్డు వేస్తూ ఉండేవాళ్ళది. రాఫ్ట్‌లో ఎక్కువసేపు కూర్చునే ఉండేవాళ్ళు, సెయిలింగ్‌లో చుక్కాని పట్టుకుని కదలకుండా ఉండేవాళ్ళు ఒక మెట్టు ఎక్కువ వేసుకోవాలి.

చొక్కా, ప్యాంటు విడివిడిగా కాకుండా ఒంటికంతా ఒకే ముక్కగా ఉండే ఫ్లీసు సూట్ మా సలహా. తెడ్డు కోసం చేతులెత్తినప్పుడల్లా విడి చొక్కా పైకి జరిగి నడుం దగ్గర ఖాళీ వస్తుంది. లైఫ్ జాకెట్ బెల్టు సరిగ్గా అక్కడే నొక్కుతుంది కాబట్టి చలి మొదట నడుముకే తెలుస్తుంది.

వెచ్చదనం అంటే బట్ట పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. అణిగిపోయిన బొంత కప్పుకుంటే చలి ఎలా ఆగదో, బిగువు సూట్ కింద నలిగిన ఫ్లీసూ అంతే. సూట్ సైజు చూసేటప్పుడు లోపలి పొరలన్నీ వేసుకునే చూడాలి. గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి, భుజాల దగ్గరా మోకాళ్ళ దగ్గరా గుడ్డ లాగుతోందేమో గమనించండి. లాగితే ఒక సైజు పెద్దది కావాలి. అలాగని మరీ పెద్దది కొంటే లోపల గాలి ఎక్కువై, నీళ్ళలో పడ్డప్పుడు కాళ్ళ వైపు చేరి పాదాలు పైకి తేలతాయి. అందుకే జిప్పు వేశాక గొంతుక్కూర్చుని, మోకాళ్ళని ఛాతీకి హత్తుకుని, మెడ గాస్కెట్‌లోకి ఒక వేలు పెట్టి గాలి బయటికి పంపేయాలి. ఉస్సుమని గాలి పోయి సూట్ ఒంటికి మెత్తగా ఆనుకుంటుంది. అప్పుడు వేలు తీసేయాలి. ఇంకా నొక్కి మొత్తం గాలి పిండేస్తే ఫ్లీసు నలిగి మళ్ళీ చలే.

ఫ్లీసు చేతులు గాస్కెట్ కిందికి రాకూడదు. బొటనవేలికి తగిలించుకునే చిల్లున్న బేస్ లేయర్లతో ఈ తప్పు బాగా జరుగుతుంది. సూట్ చేయి తొడిగేటప్పుడు ఆ చిల్లు పట్టుకుంటే లోపలి చేయి పైకి జారదు, అంతవరకు మంచిదే. తొడిగాక మాత్రం దాన్ని విప్పి, బట్ట అంచుని గాస్కెట్‌కి నాలుగు వేళ్ళు పైకి నెట్టాలి. లేకపోతే ఆ అంచు వత్తిలాగా నీళ్ళు పీల్చి, మోచేతి దాకా తడిపేస్తుంది.

పాదాల విషయంలో ఎక్కువ పొరలు వేసినకొద్దీ వెచ్చన అనుకుంటారు. రెండు జతల ఉన్ని సాక్సులు వేసి, మామూలు సైజు బూట్లలో కుక్కితే రక్తం ఆడక పాదాలు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. సూట్ సాక్సుల మీద వేసే నియోప్రీన్ (స్పాంజి లాంటి రబ్బరు) బూట్లు మీ సైజు కంటే ఒకటో రెండో పెద్దవి తీసుకోవాలి, లోపల వేళ్ళు ఆడాలి. బూట్లో ఇసుక రేణువులు ఉండకూడదు. అవి నడిచినకొద్దీ సాక్సు పొరకి సూదిబెజ్జాలు పెడతాయి. బీచ్‌లో ట్రయల్‌కి వెళ్ళేవాళ్ళు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

చేతులకి 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ గ్లౌజులు, తలకి హెల్మెట్ కింద పట్టే పల్చటి నియోప్రీన్ హుడ్ కావాలి. ఇవి తడుస్తాయి, తడిసినా పనిచేస్తాయి. చెవుల్లోకి చల్లటి నీళ్ళు ఒక్కసారిగా వెళ్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి హుడ్ తప్పనిసరి. ఇక తిండి: దిగే ముందు కడుపు నిండా ఉప్మాయో పులిహోరో తినండి, వణుకు పుట్టించడానికి ఒంటికి ఇంధనం కావాలి. మందు వద్దు. చర్మానికి రక్తం చేరి వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది.

చెమటా, లీకా?

డ్రైసూట్ గురించి వినే ఫిర్యాదుల్లో ముఖ్యమైనది "లోపల తడిసిపోయింది" అన్నది. చాలాసార్లు అది చెమట. బ్రీతబుల్ పొర పనిచేయాలంటే లోపల వేడి, తేమ ఎక్కువగానూ బయట తక్కువగానూ ఉండాలి. విశాఖలో బయటే ఉక్కపోత, కాబట్టి ఇక్కడ వేసి చూస్తే ఆవిరి ఎటూ పోదు. ఇక్కడి ట్రయల్ చూసి పొర పనిచేయట్లేదని సూట్ వెనక్కి పంపితే పొరపాటు. లద్దాఖ్‌లో పొడిగాలి కాబట్టి అక్కడ ఈ పొర తన పని చేసి చూపిస్తుంది. అయితే నీళ్ళలో మునిగి ఉన్న భాగంలో, అంటే నడుం కింద, ఆవిరి సూట్ లోపలి వైపే చల్లబడి చెమ్మగా మారడం ఎక్కడైనా ఉంటుంది.

తేడా పట్టే పద్ధతి ఇది. చెమటైతే వీపు, చంకలు, నడుం అంతా సమంగా చెమ్మగా ఉంటుంది. లీకైతే ఒక చోట మచ్చగా మొదలవుతుంది. ముంజేతి దగ్గరైతే మణికట్టు గాస్కెట్, గొంతు కింద ఛాతీ మీదైతే మెడ, ఒక్క పాదమే తడిస్తే సాక్సు, ఛాతీ మీద అడ్డంగా గీతలా తడిస్తే జిప్పు చివర. చూడటానికి సులువుగా లోపల లేత బూడిద రంగు పల్చటి బట్టలు వేసుకుని, స్విమ్మింగ్ పూల్‌లో మెడ దాకా 10 నిమిషాలు నిలబడి, వెంటనే విప్పి చూడాలి. ఈ ఒక్క పరీక్షకి కాటన్ బట్టలే మంచివి, మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున్నే చేయండి. ఏప్రిల్, మే ఎండలో ఈ సూట్ వేసుకుని గట్టు మీద నిలబడితే వడదెబ్బ తగులుతుంది, తమాషాకి కూడా అలా చేయొద్దు. ఆర్కే బీచ్ అలల్లో కూడా ట్రయల్ వద్దు, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి.

నీళ్ళలో దిగకుండా వెతకాలంటే మణికట్లలో సీసాలు, మెడలో బంతి బిగించి, రిలీఫ్ జిప్పు లోంచి గాలి పంపుతో సూట్ ఉబ్బించి, జిప్పు మూసి, సబ్బు నీళ్ళు చల్లాలి. బుడగలొచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. గుడ్డ గట్టిగా బిగుసుకునేలా ఊదొద్దు, కుట్ల మీది టేపు లేచిపోతుంది.

లంబసింగి వెళ్ళి లోపలి పొరలు పరీక్షిద్దామనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. అక్కడ చల్లగా ఉండేది గాలి. పక్కనే ఉన్న తాజంగి రిజర్వాయర్ నీళ్ళు జన్‌స్కార్ నీళ్ళంత చల్లగా ఉండవు. అక్కడ సరిపోయిన ఫ్లీసు హిమనదాల నీళ్ళకి సరిపోతుందని లెక్క వేసుకోవద్దు. తొడగడం, విప్పడం, గాలి తీయడం, తెడ్డు తిప్పడం అలవాటు చేసుకోవడానికి మాత్రం డిసెంబర్‌లో మంచి చోటు.

జన్‌స్కార్‌లో చెమట ఇంకో రకంగా ముంచుతుంది. ఆగస్టులో ఒడ్డు మీద ఎండ చురుక్కుమంటుంది, నీళ్ళు మాత్రం మంచులా ఉంటాయి. అన్నీ తొడుక్కుని రాఫ్ట్ కోసం అరగంట ఎదురుచూస్తే దిగేలోపే బేస్ లేయర్ చెమటతో తడుస్తుంది, ఆ తడే తర్వాత చలి. గైడు పిలిచేదాకా సూట్‌ని నడుం దాకానే వేసుకుని ఉండండి. ముందు వైపు జిప్పు ఉన్న సూట్‌నే మేం సిఫారసు చేయడానికి ఇదో కారణం. వెనక జిప్పు చౌక, కానీ ఇంకొకరి సాయం లేకుండా పడదు, అందుకని అందరూ ముందే వేసుకుని కూర్చుంటారు.

విశాఖలో దాచడం

వాడాక మంచినీళ్ళతో లోపలా బయటా కడిగి, ముఖ్యంగా జిప్పు పళ్ళ మధ్య ఉప్పు పోయేదాకా కడిగి, నీడలో లావు హ్యాంగర్‌కి ఆరేయాలి. డాబా మీద ఎండలో వద్దు. చివరిదాకా ఆరనివి సాక్సులు, వాటిలో న్యూస్‌పేపరు ఉండలు కుక్కి మారుస్తూ ఉండాలి. మన వర్షాకాలంలో ఫ్యాన్ కింద కూడా ఆరడానికి టైము పడుతుంది. చెమ్మ ఉండగానే మడిచి పెడితే బూజు పట్టి, ఆ వాసన ఓ పట్టాన వదలదు. సర్ఫు, ఫాబ్రిక్ కండిషనర్ వాడితే పైగుడ్డ మీద నీళ్ళు ముత్యాల్లా జారే గుణం పోతుంది. అది పోయాక గుడ్డే నీళ్ళు తాగి బరువెక్కి, గాలికి ఒళ్ళంతా చల్లబరుస్తుంది. మెంబ్రేన్ బట్టలకని (ఇలాంటి బ్రీతబుల్ పొర ఉన్నవాటికని) అమ్మే వాష్ మాత్రమే వాడాలి.

ఆరిన సూట్‌ని గాస్కెట్లు మడత పడకుండా వదులుగా చుట్టి, ఏసీ ఉన్న గదిలో బీరువాలో పెట్టండి. అటక మీదా, డాబా గదిలోనూ, కారు డిక్కీలోనూ ఒక్క వేసవి ఉంటే చాలు, లేటెక్స్ జిగురు పడుతుంది. ఫ్రిజ్ వెనకా, మోటారు పక్కనా కూడా వద్దు, విద్యుత్ మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ లేటెక్స్‌ని పగుళ్ళు పట్టిస్తుంది. గాస్కెట్లకి 303 ప్రొటెక్టెంట్ అనే రబ్బరుని కాపాడే ద్రవం అప్పుడప్పుడు తుడుస్తూ ఉంటే ఆయుష్షు పెరుగుతుంది. జిప్పు ఇత్తడిదైతే పళ్ళ మీద బయటి వైపు మైనం రుద్దాలి. ప్లాస్టిక్‌దైతే జిప్పు ఆగే చివర సూట్‌తో వచ్చిన గ్రీజు చుక్క చాలు. సిలికాన్ స్ప్రే మాత్రం కొట్టొద్దు, తర్వాత ఆ చోట ఏ ప్యాచీ అతుక్కోదు.

ఇంత చేసినా గాస్కెట్లు అరిగే వస్తువులే, కొన్నేళ్ళకి మార్చాలి. వాటిని వారంటీలో కలపని కంపెనీలే ఎక్కువ. ఈ ఊరి వాతావరణానికి, గాస్కెట్‌ని జిగురు లేకుండా చేత్తో మార్చుకునేలా సూట్‌కి రింగు ఉంటే, సిలికాన్ గాస్కెట్ మేలని మా అభిప్రాయం. వేడికి, నూనెకి లేటెక్స్ కంటే బాగా తట్టుకుంటుంది. ఒక గాటు పడితే మాత్రం చర్రున చిరిగిపోతుంది, మామూలు జిగురుతో అతకదు. అందుకే రింగు లేని సూట్‌లో సిలికాన్ కోరుకోవద్దు.

కొనే వరస విషయానికొస్తే, ముందు బేస్ లేయర్, ఫ్లీసు సూట్, గ్లౌజులు, హుడ్. ఇవన్నీ కలిపినా డ్రైసూట్ ధరలో చిన్న వంతే. ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవాళ్ళు సూట్‌ని నిర్వాహకుల దగ్గర అద్దెకి తీసుకోవడమే లాభం. తొడిగే ముందు గాస్కెట్‌ని వేళ్ళతో కాస్త సాగదీసి వెలుతురుకి ఎత్తి చూడండి. సన్నటి పగుళ్ళు కనిపించినా, వేళ్ళకి జిగురు తగిలినా వేరే సూట్ అడగండి. ఏటా రెండు మూడు సార్లు వెళ్ళేవాళ్ళకి, విదేశాల్లో స్థిరపడేవాళ్ళకి సొంత సూట్ కొనడం సబబే. ధరకి తోడు దిగుమతి సుంకం ఉంటుంది, చేతికొచ్చేసరికి ఎంతవుతుందో అమ్మేవాళ్ళనే ముందు లెక్క అడగాలి.

సూట్‌తో పాటు ఒక జత మణికట్టు గాస్కెట్లు అదనంగా, ఒక ఆక్వాసీల్ జిగురు ట్యూబూ తెప్పించుకోండి. గుడ్డకి పడ్డ సూదిబెజ్జాన్ని స్పిరిట్‌తో తుడిచి, లోపలి వైపు ఆక్వాసీల్ పల్చగా పూసి, ఒక రాత్రంతా వదిలేస్తే పూడిపోతుంది. అది గాలిలో తేమతో గట్టిపడే జిగురు కాబట్టి మన ఊళ్ళో మూత తీసిన ట్యూబు త్వరగా గడ్డకట్టిపోతుంది. మూత బిగించి, కవర్లో చుట్టి, ఫ్రీజర్లో పెట్టుకుంటే తర్వాతి సీజనుకీ పనికొస్తుంది.